సరస్సు దాటాక మిగిలిన దారి

నా స్నేహితుడు ఆ సరస్సులో పోయి రెండేళ్ళయ్యాక, ఒక ఆదివారం పొద్దున వాళ్ళమ్మ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆ సెరువు నాకు సూపించాల బావూ" అంది.

బెంగాల్లో ఓడరేవు పక్కనున్న ఖిదిర్‌పూర్‌లో మాదీ వాళ్ళదీ పక్కపక్క గదులు. ఇద్దరి నాన్నలూ శ్రీకాకుళం నుంచి వచ్చి డాక్‌లో బస్తాలు మోసినవాళ్ళే. ఆమెను నేను పిన్నీ అనేవాణ్ణి. వాడూ నేనూ ఒకే బడిలో చదివాం, గంగ ఒడ్డున ఒకే ఘాట్‌లో ఈత నేర్చుకున్నాం. దసరా పూజా సెలవులొస్తే మా వీధి క్లబ్బు బెంగాలీ కుర్రాళ్ళు మూటలు కట్టుకుని కొండలకు పోయేవారు. వాళ్ళను చూసి మాకూ ఆ పిచ్చి పట్టింది.

సిక్కిం వైపు కొండల్లో ఒక చుట్టు దారి ఉంది. ఒక పల్లెలో మొదలై, అడవిలోంచి, పచ్చికబయళ్ళ మీదుగా సరస్సు ఒడ్డుకు చేరుతుంది. అక్కణ్ణుంచి అవతలి లోయలోకి దిగి మళ్ళీ అదే పల్లెకు వస్తుంది. ఐదు రోజుల నడక. దారి చూపే మనిషినొకణ్ణి తీసుకుని వాడూ నేనూ ఆ దారి పట్టాం. మూడో రోజు మధ్యాహ్నం వాడు నీళ్ళలోకి దిగాడు. చల్లటి నీళ్ళకు కాళ్ళు కొంకర్లు పోయి మునిగిపోయాడని ఇంట్లో అందరికీ చెప్పాను. శవాన్ని దగ్గర దారిన కిందికి దించి సిలిగురిలోనే దహనం చేశాం. వాళ్ళ నాన్న ఒక్కడే వచ్చాడు. పిన్ని కొడుకును ఆఖరిసారి చూడలేదు.

"అంత దూరం నువ్వు నడవలేవు పిన్నీ" అన్నాను.

"ముప్పయ్యేళ్ళు వీధి కుళాయి కాడినుంచి నీల్లు మోసినాను. నడవనేనా?"

వాళ్ళాయన ఎదురు చెప్పలేదు. స్టేషనుకూ రాలేదు.

పల్లెలో దారి చూపడానికి, సామాను మోయడానికి ఒక మనిషిని కుదుర్చుకున్నాం. పిన్ని నేత చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, బజార్లో కొన్న కొత్త క్యాన్వాసు బూట్లతో నడిచింది. మొదటి రోజంతా అడవే. చెట్ల మొదళ్ళకు నాచు, నేలంతా తడి, కాళ్ళకు జలగలు. ఆమె వాటిని పీకి పారేసేది. కాస్త దూరానికోసారి ఆగి, "ఇక్కడ ఆడేటి సేసినాడు?" అని అడిగేది. ఎక్కడ కూర్చున్నాడు, ఏం తిన్నాడు, ఎవరితో నవ్వాడు, అన్నీ కావాలి. వాడితో పక్కపక్కనే నడిచినా నేను చూసింది ఎంత తక్కువో అప్పుడు తెలిసింది. రెండు చోట్ల గుర్తులేక అబద్ధం చెప్పాను.

రెండో రోజు పచ్చికబయళ్ళలో పొగమంచు కమ్మింది. పిన్నికి మోకాలు పట్టేసింది. గడ్డిలో కూలబడి నా మీద విరుచుకుపడింది.

"దీనికా ఒచ్చీవోరు? రాయీ గడ్డీ తప్ప ఏటుందిక్కడ? దీనికా నా కొడుకు సచ్చిపోనాడు?"

ఆమె పక్కనే కూర్చున్నాను. కాసేపటికి ఎండ వచ్చింది. కొంగు మొహాన కప్పుకుని ఆమె ఓ అరగంట నిద్రపోయింది. లేచి, వెనక్కి పోదామని మాత్రం అనలేదు.

మూడో రోజు మధ్యాహ్నానికి సరస్సు చేరాం. నీళ్ళు కదలడం లేదు. పిన్ని ఒడ్డున వంగి చెయ్యి ముంచి, మణికట్టు దాకా అలాగే ఉంచింది. వేళ్ళు ఎర్రబడ్డాక తీసి నా వైపు తిరిగింది.

"ఇంత సల్లటి నీల్లలో ఎందుకు దిగినాడు? తెలివిలేనోడు కాదు గదా."

రెండేళ్ళుగా ఈ ప్రశ్నే ఎవరైనా అడుగుతారని భయపడుతున్నాను. క్లబ్బు వాళ్ళు అడగలేదు, పోలీసులు అడగలేదు.

"అప్పుడు మాతో వచ్చిన దారి చూపే మనిషి వద్దన్నాడు పిన్నీ. వాడూ ఆగిపోయాడు. నేనే నవ్వాను. గంగ ఈదినోడివి, ఈ గుంటకి భయపడతావేంట్రా అన్నాను. ఆ మాటకు దిగాడు."

ఆమె ఒడ్డున రాయి మీద కూర్చుని తడి చేతిని కొంగుతో తుడుచుకుంది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది.

"ఇంకెవుడికైనా సెప్పినావా?"

"లేదు."

"మా ఇంటాయనకి సెప్పకు. ఆడు తట్టుకోనేడు."

లేచి చీర దులుపుకుంది. శవాన్ని దింపిన దగ్గర దారిన వెళ్తే మర్నాటికే కిందికి చేరిపోవచ్చని చెప్పాను.

"ఆడు ఎల్లాలనుకున్న దారెటు?"

చూపించాను. తర్వాతి రెండు రోజులూ ఆమే ముందు నడిచింది. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఒడ్డు వెంబడి రాళ్ళ మీద, లోయలో వెదురు పొదల మధ్య, కుంటుతూనే నడిచింది. ప్రతి మలుపులోనూ ఆగి అటూ ఇటూ చూసేది. ఇటువైపు వాడు అడుగే పెట్టలేదు, చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేదు. ఐదో రోజు సాయంత్రం పల్లె చేరాక, సామాను మోసిన మనిషి చెయ్యి పట్టుకుని దణ్ణం పెట్టింది. నాతో మాత్రం మాట్లాడలేదు.

సియాల్దాలో రైలు దిగాక బస్సు కోసం నిలబడి ఉండగా నోరు విప్పింది.

"నిన్ను సూస్తే ఆడు ఇంట్లో తిరిగినట్టుండీది బావూ. ఇప్పుడు నీ మొకం సూస్తే ఆ మాటే యినిపిస్తంది. ఇంక మా ఇంటికి రాకు."

వెళ్ళలేదు. గోడ అవతల ఆమె గిన్నెల చప్పుడు వినిపించేది, ఆయన దగ్గు వినిపించేది. కుళాయి దగ్గర ఎదురుపడితే తల పక్కకు తిప్పుకునేది. ఏడాది తిరక్కుండానే గంగ అవతల సంత్రాగాఛిలో గది చూసుకుని మేం మారిపోయాం. కారణం మా అమ్మకు ఇప్పటికీ తెలీదు.

తొమ్మిదేళ్ళ తర్వాత వాళ్ళాయన పోయాడు. పిన్ని ఒక డాక్ కూలీతో నాకు కబురు పంపింది. పాడె పట్టడానికి కొడుకు లేడు, వచ్చి ముందు కొమ్ము పట్టమంది. పరుగున వెళ్ళాను. గుమ్మంలో నన్ను చూసి పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. ఆయన పాడెను భుజాన ఎత్తుకుని, ట్రాములూ లారీలూ ఆగిన రోడ్డు మీదుగా శ్మశాన ఘాట్ దాకా నడిచాను.