మామిడి పూత కడిగిన ఏడాది

మల్కాపురంలో మా ఇల్లు రైల్వే యార్డుకి దగ్గర. అప్పటికింకా బొగ్గింజన్లే. ఆరేసిన బట్టల మీద నల్లటి నలకలు పడితే మళ్లీ జాడించి ఆరేసేవాళ్లం. దేని మీద నలుపు కనిపించినా కడిగెయ్యడమే మాకు తెలిసిన వైద్యం.

పోర్టులో రిటైరయ్యాక నాన్నకి పెరట్లోని తొమ్మిది మామిడిచెట్లే లోకం. అవేమో రెండేళ్లుగా కాయలేదు. కొట్టించి అద్దెకి గదులు కట్టాలని అన్నయ్య పట్టు. "ఈ ఒక్క కాపూ సూడరా. రాకపోతే నానే గొడ్డలి అట్టుకొత్తాను," అన్నాడు నాన్న.

మాఘంలో చెట్లు విరగబూశాయి. నాన్న మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. పది రోజులు తిరక్కుండా పూత మీద నల్లటి చుక్కలు.

"ఇంజన్ల మసి నాన్నా. కడిగెయ్యి," అన్నాను.

"పూతకి నీళ్లు కొడతారేటమ్మా?"

"నాను సెప్తన్నాను కదా."

డిగ్రీ చదివినదాన్నని నాకు మహా పొగరు. బైబిలు తర్వాత ఆయనకి నా మాటే. రోజూ సాయంత్రం నిచ్చెనెక్కి గొట్టంతో ఒక్కో గుత్తీ కడిగేవాడు. కడిగినకొద్దీ నల్లబడింది. సరిగ్గా కడగట్లేదని కసిరాను. పొద్దున పూట కూడా కడగడం మొదలుపెట్టాడు. పూత మాడి రాలిపోయింది, నిలిచిన నాలుగు పిందెలకీ మచ్చలొచ్చాయి. చర్చిలో అందరూ లేచి వెళ్లిపోయినా నాన్న మోకాళ్ల మీదే ఉండేవాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు వ్యవసాయశాఖాయన్ని పిలిచాం. ఆయన ఓ పిందె కోసి చూశాడు.

"ఇది మసి కాదండి, బూజు జాతి తెగులు. తడి తగిలితే చెట్టంతా పాకుతుంది. మందు కొట్టాల్సింది పోయి నీళ్లు కొట్టారు. ఎవరు చెప్పారు మీకు?"

అన్నయ్య పక్కనే ఉన్నాడు.

"ఎవులూ సెప్పనేదు బాబూ. నాకే తోసింది," అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా.

చెట్లు కొట్టిన రోజు గొడ్డలివాళ్లకి నేనే టీ పోశాను. నాన్న పెరటికి వీపు పెట్టి వీధి అరుగు మీద కూర్చున్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయన ఏ పని ముట్టుకోబోయినా, "నీకెందుకు నాన్నా, సెట్లని సంపినట్టు ఇదీ సంపుతావు," అనేవాడు అన్నయ్య. నాన్న చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అయినా ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా, చెప్పింది నేనని నోరు విప్పలేదు.