చిల్లు పెట్టిన స్కోన్లు

సౌదీలోని అల్ ఖోబర్‌లో నా మనవరాలు ఓవెన్ తెరవగానే వెన్న వాసన గుప్పుమంది. నా ఎనిమిదో ఏట మేం ఈ ఊళ్లోనే ఉండేవాళ్లం. అమ్మకు స్కోన్లనే చిన్న వెన్న రొట్టెలు నేర్పిన ఇంగ్లీషు ఆంటీ ఒకరోజు, అమ్మ చేసినవి రుచి చూడటానికి సరిగ్గా నాలుగింటికి వస్తానన్నారు. నాకు కాలు నిలవలేదు. అమ్మ కాల్చడానికి ట్రేలో పేర్చిన పన్నెండింటికీ, గారెలకు పెట్టినట్టు, వేలితో చిల్లు పెట్టేశాను.

"ఓసి పిడుగా, పరువు తీశావు కదే!" అంది అమ్మ.

పిండి అయిపోయింది. నమాజు వేళ, కొట్లు మూసేశారు. అవే కాల్చింది.

ఆంటీ చిల్లు నిండా జామ్ వేసుకుని కొరికారు. "ఎవరి ఆలోచన ఇది?" అని ఇంకోటి అందుకుంటూ ఇంగ్లీషులో అడిగారు.

అమ్మ నన్ను ముందుకు తోసింది. నన్ను పట్టించేసిందనుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాను. అమ్మ అలా తోసింది గర్వంతోనని తెలియడానికి నేనూ తల్లినవ్వాల్సి వచ్చింది.