మా ఇంటి టోకెన్ రింగు

నా చిన్నప్పుడు నేను తుమ్మితే చాలు, మా ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళూ చేస్తున్న పని వదిలేసి లేచి నిలబడేవారు. అమ్మ, నాన్న, నాయనమ్మ, వాళ్ళ మధ్య నేనొక్కతే పిల్లని. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మాది రెండు గదుల క్వార్టరు. రైల్లో పని దొరికిందని తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చేశాడట. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాన్న పట్టుకున్నాడు. గూడ్సు బండి డ్రైవరు కాబట్టి ఏ పూట వెళతాడో, ఏ పూట ఇల్లు చేరతాడో ఆయనకే తెలిసేది కాదు.

నాన్నకి ఒక గొప్ప ఉండేది. ఆయన తిరిగే దారిలో కొన్నిచోట్ల అప్పటికి ఒంటి లైనే. పోయే బండీ, వచ్చే బండీ అదే పట్టాల మీద నడవాలి. అందుకని స్టేషను వాళ్ళు వెదురు రింగుకి తోలు సంచి కట్టి, అందులో ఇనప గుండు పెట్టి డ్రైవరు చేతికిచ్చేవారు. దాన్నే టోకెన్ అనేవారు. రెండు స్టేషన్ల మధ్య ఆ ముక్కలో ఒకసారికి ఒక్క టోకెనే బయటికి వస్తుంది కాబట్టి, అది చేతిలో ఉన్నంతసేపూ ఎదురుగా ఇంకో బండి రాదు. సంచిలో గుండు ఉందో లేదో తడిమి చూసుకోకుండా తను ఏనాడూ బండి కదపలేదని నాన్న వచ్చిన చుట్టానికల్లా చెప్పేవాడు. విన్న చుట్టం మళ్ళీ వస్తే మళ్ళీ చెప్పేవాడు. సంచి ఊడిపోయి పనికిరాదని పారేసిన పాత రింగు ఒకటి తెచ్చి, దేవుడి పటాల పక్కన మేకుకి తగిలించాడు కూడా.

ఒక ఎండాకాలం నాకు వాంతులు పట్టుకున్నాయి. ఎండలో తిరిగి ఉప్పూకారం అద్దుకున్న మామిడికాయ ముక్కలు ఎన్ని తిన్నానో నాకే లెక్క లేదు. ఆసుపత్రిలో డాక్టరుగారు వాంతులు తగ్గే సిరప్పు రాసి, సీసా మూతతో కొంచెం కొంచెంగా పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వెయ్యమన్నారు. మందు తియ్యగా ఉండేది. ఎవరు వేసినా నోరు తెరిచేదాన్ని.

ఆ మర్నాడు పొద్దున్నే అమ్మ మందు వేసి బుధ్వారీ బజారుకి వెళ్ళింది. కాసేపటికి నాన్న లైను డ్యూటీ నుంచి వచ్చాడు. ఆయన ఇంకా చెప్పులు విప్పకుండానే నేను మళ్ళీ కక్కాను. పాపం పిల్లకి ఇంకా మందు పడలేదనుకుని ఒక మూత వేసి, పక్క గదిలోకి వెళ్ళి నిద్రపోయాడు. పెరట్లో బట్టలు ఉతికి వచ్చిన నాయనమ్మ నా మొహం చూసి భయపడింది. ఆవిడకి మూత కనిపించలేదు. అన్నం తినే పెద్ద చెంచా కనిపించింది. దాని నిండా పోసి తాగించింది. ముగ్గురికీ నా మీద ప్రాణమే. ముగ్గురూ ఒకరినొకరు ఒక్క మాట అడగలేదు.

అమ్మ బజారు నుంచి వచ్చేసరికి నా మెడ ఒక పక్కకి మెలిపడిపోయింది. కళ్ళు పైకి లాక్కుపోయాయి. నాలుక బిర్రబిగిసి బయటికి వచ్చేసింది. తెలివి మాత్రం ఉంది, అదే ఘోరం. అందరి మాటలూ వినిపిస్తున్నాయి, ఒక్క మాటా పలకలేను. నాయనమ్మ "ఓలమ్మో, గుంటకి గాలి తగిలిందే!" అని ఏడుస్తూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. నాన్న నిద్రలోంచి లేచి వచ్చి గుమ్మంలో కొయ్యబారిపోయాడు.

ఆ ఏడుపు విని పక్కింటి అక్క పరుగెత్తుకొచ్చింది. ఆసుపత్రిలో పిల్లల వార్డులో నర్సు. డ్యూటీకి బయల్దేరబోతూ తెల్ల చీరలో ఉంది. నన్ను చూసి, సీసా ఎత్తి వెలుతురులో చూసింది. "గాలీ లేదు, ధూళీ లేదు. మందు ఎక్కువైంది. ఎవరు వేసేరు?" అంది.

"నానే వేసేనమ్మా, పెద్ద చెంచాతో" అంది నాయనమ్మ.

అమ్మ తల ఊపింది. పొద్దున తను వేసింది వేళకి వేసిందే కదా అనుకుందేమో, ఆ సంగతి చెప్పలేదు. నాన్న నేల చూశాడు. నా నాలుక పనిచేసి ఉంటే చెప్పేదాన్ని.

రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్క దారంతా నా తల ఒళ్ళో పట్టుకుని, తగ్గిపోతుంది తల్లీ అంటూనే ఉంది. డాక్టరుగారు సూది వేశాక మెల్లగా మెడ తిరిగింది, నాలుక లోపలికి వెళ్ళింది. అప్పుడు ఆయన నాయనమ్మని అందరి ముందూ కేకలేశారు. చదువూ సంధ్యా లేని ముసలమ్మని మందుల జోలికి ఎందుకు రానిచ్చారని నాన్నని అడిగారు. నాన్న అప్పుడూ నేలే చూశాడు. ఆయన్ని నేను అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు. ఆ రాత్రికి నన్ను వార్డులో ఉంచుకున్నారు. ఎవరెవరు మందు వేశారని అక్క నా జడ అల్లుతూ అడిగితే, నేను వరసగా చెప్పేశాను. అక్క ఆ మాట డాక్టరుగారి చెవిన వేసింది గానీ, మా ఇంట్లో ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక నాయనమ్మ నన్ను ముట్టుకోవడం మానేసింది. అన్నం కలిపి పెట్టేది కాదు. మంచినీళ్ళు అడిగితే అమ్మని కేకేసేది. "నా చెయ్యి మంచిది కాదే తల్లీ" అని రెండు చేతులూ చీర కొంగులో చుట్టుకుని మూల కూర్చునేది. నా మీద కోపం వచ్చిందనుకుని నేను ఏడ్చేదాన్ని. నాన్న ఆ మూలకేసి చూడలేక, అడగని డ్యూటీలకి కూడా వెళ్ళిపోయేవాడు. వచ్చిన చుట్టాలకి టోకెన్ సంగతి చెప్పడం మానేశాడు.

ఒక సాయంత్రం నాన్న ఇంట్లో ఉండడం చూసి అక్క వచ్చింది. మేకుకి ఉన్న రింగు తీసి ఆయన ముందు పెట్టింది.

"అచ్ఛా బాబాయ్, ఒక మాట అడుగుతాను. లైను కాళీగానే కనపడతంది కదా అని టోకెన్ లేకుండా బండి తీసెత్తారేటి?"

"ఏటి మాటమ్మా అది? పేనాలు పోవూ?" అన్నాడు నాన్న, అలవాటుగా.

నాన్న రింగు వైపు చూశాడు. దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఆయన మొహం మారిపోయింది. లేచి మూలకి వెళ్ళి, నాయనమ్మ ముందు కూలబడి, "అమ్మా, ఆయేల నానూ వేసేను. నువ్వొక్కదానివీ తిట్లు తింతంటే నోరు మూసుకున్నాను" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది. పొద్దున తనూ వేసే వెళ్ళానని, ఎవరికీ చెప్పలేదని అంది. నాయనమ్మ కొంగులోంచి చేతులు తీసింది. ఏం చెయ్యాలో తెలియక కొడుకు తల నిమిరింది.

అక్క ఆ రింగుకి సీసా మూతని దారంతో కట్టింది. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నన్నాళ్ళూ రింగు ఎవరి దగ్గరుంటే వాళ్ళే మందు వెయ్యాలంది. ఇంకొకరికి అప్పజెప్పేటప్పుడు ఎప్పుడు వేశారో, ఎంత వేశారో చెప్పాలి, తీసుకున్నవాళ్ళు ఆ మాట తిరిగి చెప్పాలి. పిల్ల కక్కేసిందని మళ్ళీ వెయ్యకూడదు, ఆసుపత్రిలో అడగాలి. ఇంటి చెంచా అసలే వద్దు. అన్నీ చెప్పి, ఆ రింగు తీసుకెళ్ళి నాయనమ్మ ఒళ్ళో పెట్టింది. ఆవిడ వద్దు వద్దంటూ చేతులు వెనక్కి లాక్కుంది. అక్క ఆ చేతులు పట్టుకుని రింగు మీద ఉంచింది. ఆ రాత్రి చాలా రోజుల తరవాత నాయనమ్మ నాకు అన్నం కలిపి పెట్టింది.

నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ రింగు ఇప్పుడు బిలాస్‌పూర్ పక్కనే ఉస్లాపూర్‌లో మా ఇంట్లో, మందుల అలమార పక్కన ఉంది. మనవలకి జ్వరం వస్తే అది చేతులు మారుతుంది. నా కోడలు మొదట్లో నవ్వింది, ఇప్పుడు రింగు కనపడకపోతే తనే వెతుకుతుంది. నేను తిన్న మామిడికాయ ముక్కలకి ముగ్గురు మంచివాళ్ళు అంత బాధ మోశారన్న దిగులు మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు.

నాన్న నా దగ్గరే ఉంటున్నాడు. మతిమరుపు వచ్చేసింది. నన్ను ఒక్కోసారి గుర్తుపట్టడు. రాత్రి బిళ్ళ నోటి దగ్గర పెడితే పెదవులు గట్టిగా మూసేసుకుంటాడు.

"అమ్మ వేసెత్తేసిందేమో. అడిగేవేటి?" అంటాడు, నాయనమ్మ ఇంకా పక్క గదిలో ఉన్నట్టే.

అడిగాను నాన్నా, ఇంకా వెయ్యలేదట అని చెప్పి రింగు ఆయన చేతిలో పెడతాను. సంచీ లేని ఆ రింగుని వేళ్ళతో చుట్టూ తడిమి చూసుకుంటాడు. అప్పుడు నోరు తెరుస్తాడు.