సిమెంటు పెట్టని బండ

మొన్న మట్టల ఆదివారం నాడు ఆరాధన ముగిశాక సంఘపెద్ద ఒక ప్రకటన చదివాడు. వికారాబాదు సమాధుల తోటలో వదులుగా ఉన్న బండలన్నిటినీ ఈస్టరులోగా సిమెంటుతో బిగించాలట, ఒప్పుకోని కుటుంబాలు కమిటీ ముందుకొచ్చి కారణం చెప్పాలట. తోటలో వదులుగా ఉన్న బండ ఒక్కటే, అది మా అమ్మది. ఆ ఒక్కదాని కోసం "బండలన్నిటినీ" అని ఎందుకు చదివారో నాకు తెలుసు. నాతో నేరుగా మాట్లాడే ధైర్యం ఆ కమిటీలో ఎవరికీ లేదు.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఈస్టరుకు ముందు శనివారం సంఘమంతా సున్నం బకెట్లూ ఈత కుంచెలూ పట్టుకుని ఆ తోటలోనే ఉండేది. బతికుండగా అత్తకు మంచినీళ్ళివ్వని కోడళ్ళు ఆరోజు అత్త సమాధికి రెండు పూతలు వేసేవాళ్ళు. మర్నాడు ఇంకా మసకగా ఉండగానే పాటలు పాడుకుంటూ మళ్ళీ అక్కడికే చేరి, మల్లెదండలు వేసి, కొవ్వొత్తులు వెలిగించి, ఎవరి రాతి మీద వాళ్ళు చెయ్యి పెట్టి నిలబడేవాళ్ళం. పాస్టరయ్య "ప్రభువు లేచెను" అనగానే అందరూ "నిజముగా లేచెను" అనాలి. రాతి కిందివాళ్ళ తరఫున కూడా మనమే అనాలని మా అమ్మమ్మ చెప్పేది.

మా నాయన తాండూరులో బండల పాలిష్ పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమలు కూడా తెల్లగా రాతి పొడితో ఉండేవి. నేను ఇంటర్ మొదటి ఏడు చదువుతుండగా అమ్మకు జబ్బు చేస్తే వైద్యం కోసం తన పుట్టిల్లు వికారాబాదుకు తీసుకొచ్చారు, అక్కడే పోయింది, అక్కడే పెట్టాం. జ్ఞాపకార్థ కూడిక నాటికి నాయన పసుపు ఛాయ బండ ఒకటి ఏరి, తన చేత్తో నునుపు చేసి, లారీలో తాండూరు నుంచి తెచ్చాడు. నలుగురు పట్టి దించారు. మేస్త్రి సిమెంటు కలుపుతుంటే నాయన అడ్డం పోయాడు.

"సిమెంటొద్దన్నా. లేస్తదని అయ్యగారు గిప్పుడే చెప్పిండు గద. మల్ల గిదెందుకు?"

కొందరు నవ్వు ఆపుకోవడానికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. పాస్టరయ్య పాపం, రాయి దొర్లించడం దేవుని పని, మనం సాయం చెయ్యక్కరలేదని మెల్లగా నచ్చజెప్పాడు. నాయన తల ఊపాడు గానీ సిమెంటు మాత్రం వెయ్యనివ్వలేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ కోసం నేను మోకాళ్ళ మీద చేసిన ప్రార్థనలు ఒక్కటీ ఫలించలేదన్న కోపం అప్పటికే ఉంది, దానికి కొత్తగా కాలేజీ చదువు తోడైంది. తాండూరు వెళ్ళే ప్యాసింజరు ఎక్కీ ఎక్కకముందే మొదలుపెట్టాను. చచ్చినవాళ్ళను లేపే దేవుడికి బస్తా సిమెంటు అడ్డమొస్తుందా, అంత చేతకానివాడయితే నమ్మడమెందుకు అని బండి సగం దూరం దాటేదాకా ఊపిరి తీసుకోకుండా అడిగాను. నాయన కిటికీలోంచి చూస్తూ కూర్చుని, చివరికి ఒక్క మాటన్నాడు.

"ఆయనకు అడ్డం గాదు బిడ్డా. మీ అమ్మకు బరువెందుకని."

 ఆ మాటకు నాకు ఇంకా కోపమొచ్చింది.

ఆ తర్వాత ప్రతి ఈస్టరుకూ నాయన వెంట వచ్చాను గానీ బండ మీద చెయ్యి పెట్టి నోరు మూసుకుని నిలబడేదాన్ని. నాయన ఒక్కసారి కూడా కసరలేదు. నా వంతు కూడా కలిపి గట్టిగా తానే చెప్పేవాడు.

అయితే ఒకటి చూశాను. అమ్మ పోయాక ఆయన పనికి పోలేదు, గోడకు ఆనుకుని కూర్చునేవాడు, పెడితే తినేవాడు, లేకపోతే లేదు. మొదటి ఈస్టరు ఆరాధన అయి తాండూరు చేరిన మర్నాడు, సోమవారం పొద్దున, నేను లేచేసరికి పొయ్యి మీద వంకర టింకర జొన్నరొట్టె కాలుతోంది, నాయన తువాలు తలకు చుట్టుకుని పనికి బయలుదేరుతున్నాడు. పునరుత్థానమంటే ఎప్పుడో లోకాంతాన కడబూర మోగినప్పటి సంగతని అందరిలాగే నేనూ అనుకునేదాన్ని. మా ఇంట్లో అది ఒక సోమవారం జరిగిందని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

నాయన పోయినప్పుడు నాలో నేను లేను. అమ్మ పక్కనే పెట్టడం మొదలు పనులన్నీ బంధువులే చూశారు. మరుసటి ఈస్టరుకు తోటకు వెళ్ళి, ఆయన బండ మీద చెయ్యి పెట్టి, ఇక చెప్పడానికి ఆయన లేడు కనుక "నిజముగా లేచెను" అని మొదటిసారి నోరు విప్పినప్పుడు, వేళ్ళకు గరుకుగా తగిలింది. బండ చుట్టూ సిమెంటు. అమ్మకు బరువెందుకన్న మనిషిని నేను నాలుగు వైపులా బిగించేశాను. వద్దని చెప్పే వీలు లేక కాదు, చెప్పాలని నాకు తోచక.

అందుకే ఆ ప్రకటన విన్నాక కమిటీ ముందుకు వెళ్ళాను. అరుద్దామనే వెళ్ళాను. సంఘపెద్ద మాత్రం నిమ్మళంగా అన్నాడు, "గట్ల కోపం జెయ్యకుండ్రి మేడం. పోయిన వానలకు బండ జారి దారిలకొచ్చింది. ముసలవ్వ తట్టుకొని పడ్డది. రేపు ఇంకెవలన్న పడితే?"

ఆ మాట నిజం. నాయన ప్రేమ నాకు సరే, ముసలవ్వ మోకాలు ఏం పాపం చేసింది? ఏటా వానలయ్యాక ఇసుక పోసి బండను నేనే సరిచేయిస్తానని చెప్పాను.

"మీరు లేకుంటెనో?"

"నేను మాత్రం ఎటువోత? గా పక్కకే వస్త గద. పండుకొని చూసుకుంట."

నవ్వారు. ఒప్పుకున్నారు.

శనివారం మేస్త్రిని తీసుకెళ్ళి అమ్మ బండను సరిచేయించాను. నాయన బండ సిమెంటు కూడా తీసెయ్యమంటే అతడు వంగి చూసి, "పన్నెండేండ్లాయె గదక్కా, ఉలి పెడితే బండనే పలుగుతది" అన్నాడు. వదిలేశాను.

తోటలో ఇప్పుడు సున్నం వాసన లేదు, అంతా గ్రానైటు, పాలరాయి, కడిగితే మెరుస్తాయి, ఆ కడగడం కూడా కూలివాళ్ళు చేస్తారు. తెల్లవారి ఆరాధనకు పదిహేను మందిమి వచ్చాం, మిగతా సంఘమంతా ఫోనుల్లో శుభాకాంక్షలు పంపింది. పాస్టరయ్య పిలుపుకు ఒక చెయ్యి అమ్మ మీద, ఒక చెయ్యి నాయన మీద పెట్టి మూడు వంతులూ నేనే చెప్పాను.

దేవుడికి సిమెంటు అడ్డం కాదని ఇప్పటికీ వాదిస్తాను, ఎవరితోనైనా. కానీ ఆ పొద్దున నాకు తోచింది వేరు. అమ్మ బండ తేలికగా ఉంది, ముందు ఆమే లేస్తుంది. లేచి, పక్కకు తిరిగి, నాయన బండకు తానే చెయ్యి వేస్తుంది.