బోర్డు మీద దుప్పటి

కొండాపూర్‌లో ఒక చిన్న కాంప్లెక్సులో మాకో మల్గి ఉండేది. మా కృష్ణా జిల్లాలో కొట్టు గది అంటాం, ఇక్కడ మల్గి అంటారు. ఒక షట్టరు, లోపల రెండు మిషన్లు పట్టేంత జాగా. పాలమూరు నుంచి భర్తతో మట్టిపనికి వచ్చి, తర్వాత కుట్టుపని నేర్చుకున్న ఒకావిడ దాన్ని కిరాయికి తీసుకుంది. చుట్టుపక్కల హాస్టళ్ల అమ్మాయిలంతా జాకెట్లకు ఆమె దగ్గరికే వచ్చేవారు.

తెలంగాణ ఉద్యమం ముదిరి, బంద్‌లు వరసగా వస్తున్న రోజులవి. హైటెక్ సిటీకి మా ఆఫీసు బస్సులు కూడా నడిచేవి కావు. ఊరినుంచి బావమరిది రోజూ ఫోన్ చేసి, రాష్ట్రం విడిపోతే మనల్ని ఉండనివ్వరు, అయినకాడికి అమ్ముకుని బయటపడమనేవాడు. అప్పటిదాకా నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా తాడును చూసి పామని బెదిరినట్టు బెదిరాను. షట్టరు పైన ‘మల్గి అమ్మబడును’ అని బోర్డు కట్టించాను. ముందుగా ఆమెకు చెప్పాలన్న ఇంగితం కూడా లేకపోయింది. బోర్డు చూసే తెలుసుకుంది. కొన్నవాళ్లు ఖాళీ చేయమంటే తన దుకాణం ఏమవుతుందని ఒక్కసారి మాత్రం అడిగింది. చూద్దాంలే అన్నాను.

ఒక బంద్ మర్నాడు వెళ్తే బోర్డు మీద పాత దుప్పటి కప్పి ఉంది. గాలికి లేవకుండా నాలుగు మూలలా గుడ్డపీలికలతో కట్టి ఉంది. నాకు ఒళ్లు మండింది. బేరం చెడగొట్టి ఇక్కడే పాతుకుపోదామని చూస్తోందని, కొలతలకు వచ్చిన అమ్మాయిల ముందే నోటికొచ్చినట్టు మాట్లాడాను. ఆమె స్టూలెక్కి ముడులు విప్పి, దుప్పటి మడిచి లోపల పెట్టుకుంది.

నెల తిరక్కుండానే మందుల షాపు పెట్టుకుంటానని ఒకాయన కొన్నాడు. మల్గి ఖాళీగా కావాలన్నాడు. సరేనన్నాను.

ఆఖరి రోజు ఆమె మిషన్లు ఆటోలోకి ఎక్కించి, మల్గి ఊడ్చి, గడపకు పసుపు రాసి, తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఇక ఎక్కడ కుడతావమ్మా అని అడిగాను. నిజాంపేటలో, ఇంట్లోనే అంది. అక్కడ తనను ఎరిగినవాళ్లు లేరంది. ఆటో ఎక్కబోతూ ఆగింది.

“బంద్ నాడు జులూసు గీ తొవ్వనే పోతది సార్. మీరు బుగులుపడి అమ్ముకొని పోతున్నరని నలుగురు నవ్వుతరని బోర్డు కప్పిన. నా కోసం కాదు.”

క్షమించమని అడగాల్సింది. జాగ్రత్తమ్మా అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తెలంగాణ వచ్చింది. నేనింకా కొండాపూర్‌లోనే ఉన్నాను. కూరగాయలకు వెళ్లాలంటే ఆ మందుల షాపు ముందు నుంచే నడవాలి. మమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు. ఆ రోజుల్లో మా వీధిలోంచి వెళ్లిపోవాల్సి వచ్చింది ఆమె ఒక్కతే. ఆమెను వెళ్లగొట్టింది నేను.