రథం ఆగిన మధ్యాహ్నాలు

మా మేనత్త పోయిన కబురు నాకు పలమనేరు బస్టాండులో తెలిసింది. "అమ్మ నిద్దట్లోనే పోయింది వదినా" అని ఆమె కూతురు ఫోన్‌లో చెప్పింది. బస్సెక్కి కూర్చున్నాక కూడా నాకు ఏడుపు రాలేదు. చెవిలో ఆమె గొంతే వినబడుతోంది. మీలో ఎవరైనా ఆమె హరికథ విని ఉంటే, ఆ గొంతు మీకూ గుర్తుండే ఉంటుంది.

మా వైపు ఎండాకాలంలో ధర్మరాజుల గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం పూట హరికథ. ముప్పై ఏళ్లు ఆ కథ చెప్పింది మా అత్త. పక్కన హార్మోనియం నాది, నేర్పింది ఆమే. ముందు వరసలో ఒక ముసలామెను ఎంచుకుని, ఆమె ఒక్కదానికే చెబుతున్నట్టు చెప్పేది. ఎవరైనా కుదించమంటే, "కథ నాది కాదబ్బా, కత్తిరించేదానికి నేనెవురు?" అనేది.

కరోనా వచ్చిన ఏడాది భారతాలన్నీ ఆగిపోయాయి. మా మృదంగం ఆయన టమోటా మండీలో బుట్టలు మోశాడు. అత్త ఇంట్లో పాడుకోబోయి, రెండు పద్యాలకే ఆపేసేది. "మొగాలు కనపడకుంటే నోరు రాలేదే" అనేది. రెండో ఏడాదీ అనుమతి లేదన్నారు. అప్పుడు చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్ల నంబర్లు పోగుచేసి, అందరినీ ఒకే కాల్‌లో కలిపాను. అత్త ఫోన్‌ను అనుమానంగా చూసింది.

"ఈడ చెప్పేది వాళ్లకు ఇనిపిస్తాదా?"

"ఇనిపిస్తా ఉండాది, చెప్పక్కా" అని అటునుంచి ఎవరో అన్నాకే గొంతు సవరించుకుంది.

అభిమన్యుడి వధ చెప్పాల్సిన రోజు పొద్దున్నే ఒకామె అత్తకు ఫోన్ చేసింది. నాలుగు ఆవులు పెట్టుకుని డెయిరీకి పాలు పోసే మనిషి. రోజూ అందరికంటే ముందు కాల్‌లోకి వచ్చేది.

"అక్కా, ఈ పొద్దు అభిమన్యుణ్ణి సంపద్దక్కా. నా కొడుకు తిరపతి ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉండాడు. నన్ను లోపలికి రానీలేదు."

అత్త అన్నం ముట్టలేదు. "ఆ భాగం దాటేసి ముందుకు పోదాం అత్తా" అన్నాను.

"దాటేస్తే వాడు సచ్చినట్టే గదే. అందరికీ తెలిసిన కథే గదా."

మూడు గంటలకు మొదలుపెట్టింది. సుభద్ర బొట్టు పెట్టింది. ఉత్తర గుడారం దాకా వచ్చి నిలబడింది. రథం పద్మవ్యూహం ముందుకు చేరింది. అక్కడ అత్త ఆపేసింది. "రథం ఈడనే ఉండాది. మిగతాది రేపు."

మర్నాడు వెనక్కి వెళ్లి, తల్లి కడుపులో అభిమన్యుడు విన్న మాటలు చెప్పింది. ఆ మర్నాడు అతని పెళ్లి. ఒక్క మాటా కల్పించలేదు. నాలుగో రోజు ఎవరో పెద్దాయన విసుక్కున్నాడు. "యుద్ధమెప్పుడమ్మా? వానలొచ్చేదాకా రథం ఆడనేనా?"

"పొద్దింకా ఎక్కలేదు నాయనా" అంది అత్త.

రోజూ కథకు ముందు "ఆయమ్మ వచ్చిందా?" అని నన్నడిగేది. ఆరో రోజు ఆమె పేరు తెర మీదికి రాలేదు. మూడు దాటింది. అత్త మెడంతా చెమట.

"ఫోన్ చెయ్యే."

"నాకు బయంగా ఉండాది అత్తా."

మూడుంపావుకు ఆ పేరు వెలిగింది. "చార్జింగ్ అయిపోయిందక్కా..." అత్త గోడకు చేరగిలబడి, చెంగుతో మెడ తుడుచుకుంది.

తొమ్మిదో రోజు ఆమే ఫోన్ చేసింది. "వాణ్ణి ఇంటికి పిల్చుకొని పొమ్మన్నారక్కా. గంజి తాగినాడు. ఇంక చెప్పు."

ఆ మధ్యాహ్నం అత్త చెప్పింది. రథం విరిగాక అభిమన్యుడు చక్రమెత్తి, చివరికి నేలకొరిగేదాకా గొంతు ఎక్కడా తగ్గించలేదు. కాల్‌లో అందరికంటే పెద్దగా ఏడ్చింది ఆ పాలామెనే.

కథ అయిపోయింది. ఎవరూ కాల్ కట్ చేయలేదు. ఒక ఇంట్లో కుక్కర్ కూత వేసింది. ఇంకెక్కడో ఆవు అరిచింది. ఎవరో ముక్కు చీదుకున్నారు. నేను హార్మోనియం పెట్టె మూయబోతుంటే అత్త వద్దన్నట్టు చెయ్యి చాపింది. ఫోన్‌ను రెండు చేతులతో తీసుకుని, చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వింటూ కూర్చుంది.