చరిత్రలో ఆవుకు చోటు లేదన్నాను

ఆ రోజుల్లో మదనపల్లెలో బి.ఏ. హిస్టరీ చదివేవాణ్ణి చూసి జాలిపడని మనిషి లేడు. ఏం చదువుతున్నావని అడిగి, నేను చెప్పిన జవాబు విని, మా ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని తెలిసినట్టు ముఖం పెట్టేవాళ్ళు. టమోటా మండీలో పనిచేసే మా చిన్నాయన అయితే జాలి కూడా పడలేదు. "సచ్చిపోయినోళ్ళ గురించి సదివి ఏం జేస్తావురా, బతికుండేవాళ్ళ సంగతే మాకు తెలీకపాయ" అన్నాడు. అలాంటి నన్ను కూడా గొప్పవాణ్ణి అనిపించిన మనిషి మా చరిత్ర సారు. ఆయనకు మేం పెట్టిన పేరు ఆధారం సార్. ఏ మాట చెప్పినా "ఆధారం?" అనేవారు. రేపు సెలవంట సార్ అన్నా అదే ప్రశ్న, బయట వాన పడుతోంది సార్ అన్నా అదే ప్రశ్న. (రెండోదానికి తడిసిన చొక్కా చూపిస్తే ఒప్పుకునేవారు.) మేం రెండో సంవత్సరంలో ఉండగా ఆయన, విద్యార్థులే రాసి, విద్యార్థులే దిద్ది, విద్యార్థులే అచ్చువేసే చరిత్ర పత్రిక ఒకటి మొదలుపెట్టి దానికి నన్ను సంపాదకుణ్ణి చేశారు. నా అర్హత ఏమిటంటే, క్లాసు మొత్తంలో కంప్యూటర్లో తెలుగు టైపు చేయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

సంపాదకుణ్ణి అయిన మర్నాటి నుంచే నా నడక మారిందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. చొక్కా జేబులో రెండు పెన్నులు, చంకలో ఫైలు, మాటకు ముందు "పరిశోధనాత్మకంగా చూస్తే" అన్న ముక్క. ఇంట్లో ఉప్మాలో ఉప్పు తక్కువైనా పరిశోధనాత్మకంగానే చెప్పేవాణ్ణి. మొదటి సంచికకు నేను ఎంచుకున్న విషయం, కరువు రోజుల్లో మా వైపు పల్లెల నుంచి పశువుల వలస. సోమల దగ్గరి ఒక పల్లెలో మా అమ్మకు పెద్దమ్మ వరసయ్యే అవ్వ ఉండేది. పడుచు వయసులో ఉన్నప్పుడు గొడ్లను తోలుకుని ఎక్కడికో నడిచి వెళ్ళిందని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఆధారం సార్ పంపేముందు ఒకటే షరతు పెట్టారు. పత్రిక అచ్చయ్యాక, కథ చెప్పినవాళ్ళ చేతిలో రాసినవాడే స్వయంగా ఒక ప్రతి పెట్టి రావాలి.

పుంగనూరులో బస్సు మారి, సోమలలో దిగి, ఆటోలో పల్లె చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నేను ఫైలు తెరవగానే అరుగు చుట్టూ పదిమంది చేరారు. కరువు డబ్బులు రాసుకోవడానికి వచ్చాననుకున్నారు. కాదు, చరిత్ర కోసం అని ఎంత చెప్పినా ఒక పెద్దాయన వినకుండా ఆధార్ జిరాక్సు నా ఫైల్లో పెట్టి "దేనికైనా కానీ, నాది కూడా ఉండనీప్పా" అని వెళ్ళిపోయాడు. (అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఏం చేయాలో తెలియలేదు.) నేను గొంతు సవరించుకుని, ఫోను రికార్డింగులో పెట్టి, "ఆనాటి సామాజిక, ఆర్థిక పరిస్థితుల గురించి చెప్పండవ్వా" అన్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి "ముందు సంగటి తిను" అంది. తిన్నాక, పళ్ళెం ఎత్తకముందే, తనంతట తనే చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ యేడు వాన లేదు, అంతకు ముందేడూ లేదు. మీ తాత జొరంతో మంచం మీద ఉండాడు. తొమ్మిది గొడ్లు. ఈడే ఉంటే సస్తాయని, రామకుప్పం తట్టు మా అమ్మోళ్ళూరికి తోలుకోని పోయినా. ఆడ అడివి ఉండాది, కసువు దొరుకుతాదని. సంకలో బిడ్డ, ఇప్పుడు టెంపో తోలతాండాడే, వాడే. పుంగనూరు దాటినాక గొడ్లు నిలబడిపాయ. కొట్టినా తిట్టినా ఒక్కటీ అడుగెయ్యలా. అప్పుడు సరోజ ముందుకు పోయింది. కొంచెం దూరం పోయి ఎనక్కి తిరిగి సూసింది. అంతే, అన్నీ దాని ఎనకాలే వచ్చినాయి."

సరోజ వాళ్ళ ఇంటి ఆవు. పుంగనూరు పొట్టి ఆవు, నడుం దాకా కూడా రాదట.

"గంగవరం కాడ నాకు పాలు ఎండిపాయ. బిడ్డ ఏడ్సి ఏడ్సి గొంతు పోయింది. సరోజకే మేత లేదు, ఎముకలు తేలుండాయి. అయినా పూటకు ఉగ్గుగిన్నెడు ఇచ్చింది. ఆరు దినాలప్పా. మమ్మల్నందర్నీ ఆడికి చేర్చింది. చేరినాక నెల తిరక్కుండానే పోయింది."

అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. సంపాదకుడుగారు ఆ క్షణాన తన నోటుపుస్తకంలో ఏం రాసుకున్నారంటే, "పశునష్టం: ఒకటి." ఆ పేజీ నేనింకా చింపలేదు, సిగ్గుపడటానికి అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను.

నేను లేవబోతుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "పేరు రాస్తావు గదప్పా?" మీ పేరు, ఊరు అన్నీ రాస్తానవ్వా అన్నాను. "నాది యాలప్పా? నాది రేషన్ కార్డులో ఉండాది, ఓటు కార్డులో ఉండాది. దాని పేరు యాడా లేదు. నేనుండేదాకా నా నోట్లో ఉంటాది. ఆ పైన?" రాస్తానని మాటిచ్చాను. మాట తప్పాలని అప్పుడు నాకు లేదు, అది మాత్రం నిజం.

రాశాను కూడా. సంపాదకవర్గం సమావేశంలో ఆధారం సార్ నా వ్యాసం చదువుతూ ఒకచోట ఆగి "ఈ సరోజగారి ఇంటిపేరు రాయలేదేం? ఆమెను కలిశావా?" అన్నారు. పోయింది సార్ అన్నాను. "అయ్యో. పిల్లలెవరైనా ఉన్నారా?" ఒక దూడ ఉండేదట సార్ అన్నాను. సంపాదకవర్గం బెంచీల మీద పడి నవ్వింది. ఆ వారమంతా నేను వరండాలో కనిపిస్తే చాలు, ఎవడో ఒకడు "అంబా" అనేవాడు. నవ్వనిది సారొక్కరే. "ఆవు అని ముందే చెప్పాలి కదయ్యా. ఉంచుతావో తీస్తావో నీ ఇష్టం, సంపాదకుడివి" అన్నారు. నేను వెన్ను నిటారుగా పెట్టి, "పరిశోధనాత్మకంగా చూస్తే చరిత్రలో ఆవులకు చోటు లేదు సార్" అన్నాను. ఆ సాయంత్రమే కంప్యూటర్ ముందు కూర్చుని సరోజను తీసేశాను. ఆరు రోజులు నడిచిన ఆవును తీసేయడానికి నాకు అర నిమిషం పట్టింది.

పత్రిక వచ్చింది. నూట యాభై ప్రతులు, అట్ట మీద కోట బొమ్మ, వెనక సిమెంటు కొట్టు ప్రకటన. షరతు ప్రకారం ఒక ప్రతి పట్టుకుని మళ్ళీ సోమల వెళ్ళాను. అవ్వ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని, చదవమని ఎదురుగా కూర్చుంది. "తత్కాలీన అనావృష్టి పరిస్థితుల దృష్ట్యా పశుపోషక కుటుంబాలకు వలస అనివార్యమైనది" అని మొదలుపెట్టి ఒక పేజీ చదివాను. అవ్వ ఓపిగ్గా విని, "ఎవురి గురించప్పా ఇది?" అంది. మీ గురించే అవ్వా అన్నాను. "నేనిట్లా సెప్పినానా? పోనీలే. సరోజ యాడుండాది?"

లేదని చెప్పే ధైర్యం లేక, పేజీ తిప్పి, కళ్ళు అక్షరాల మీదే పెట్టి, లేని వాక్యం చదివాను. "వీరి పశువులలో సరోజ అను పేరుగల గోవు ధైర్యసాహసములతో మందకు నాయకత్వము వహించినది." అవ్వ ముఖం విప్పారింది. ఎక్కడుందో చూపించమంది. నేను వేలు పెట్టిన చోట తన వేలు పెట్టి, అక్షరాలను తడిమింది. (అక్కడున్నది ఆనాటి పశుగ్రాసం లభ్యత గురించి.) "ఇంగోసారి సదువప్పా" అంది.

మళ్ళీ చదివాను. "సరోజ అను ధేనువు ముందు నడిచి, సమస్త పశుగణమునకు దారి చూపెను."

అవ్వ వేలు ఆగింది. నిదానంగా తలెత్తింది. "ఇందాక వేరేగా సదివినావే."

చదువురాని మనిషి అచ్చు పుస్తకం విషయంలో నన్ను పట్టేసింది. అచ్చయిన మాట రెండోసారికి మారదని ఆమెకు తెలుసు, డిగ్రీ చదివే నాకు తట్టలేదు. తల వంచుకుని అంతా చెప్పేశాను, స్నేహితుల నవ్వుతో సహా. తిడితే బాగుండుననిపించింది. అవ్వ పుస్తకం వైపు చూసి, "ఆవుకి సిగ్గుపడినావా నాయనా" అంది. కోపంగా అనలేదు, అందుకే నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత నా జేబు వైపు చూసింది. "రెండు పెన్నులు పెట్టుకోనుండావే, ఒకటి తియ్. నేను సెప్పింది సెప్పినట్టు రాయి."

రాశాను, పేజీ అంచున. "సరోజ అనే ఆవు ముందు నడిచింది. మేం దాని ఎనకాల నడిచినాం."

చదివించుకుంది. మూడుసార్లు చదివించుకుంది, మూడుసార్లూ ఒకేలా వచ్చింది. అప్పుడు "మిగతా బుక్కులు ఎన్ని ఉండాయి?" అని అడిగింది.

మర్నాడు కాలేజీలో కట్టలు విప్పి, ఒక్కో ప్రతి తీసి, అదే పేజీ అంచున అవే రెండు వాక్యాలు రాస్తూ కూర్చున్నాను. ఆధారం సార్ వచ్చి, వంగి చూసి, అలవాటు ప్రకారం అడిగారు. అవ్వ చెప్పింది సార్ అన్నాను. ఆయన కుర్చీ లాక్కుని, సగం కట్ట తన ముందుకు జరుపుకుని పెన్ను తీశారు. అయితే అయిదు ప్రతులు అప్పటికే వేరే ఊళ్ళ కాలేజీ లైబ్రరీలకు పోస్టులో వెళ్ళిపోయాయి. ఆ సంగతి నేను అవ్వకు చెప్పలేదు. అవ్వ పోయి ఏడేళ్ళయింది. ఆ అయిదూ నా మనసులో అలాగే ఉండిపోయాయి.

నేనిప్పుడు కుప్పం కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్తున్నాను. పోయిన నెల లైబ్రరీలో పాత పత్రికల బీరువా వెతుకుతుంటే అట్ట మీద కోట బొమ్మ కనిపించింది. ఆ పేజీ తీశాను. అంచు తెల్లగా ఉంది. అటూ ఇటూ చూసి, దొంగలా పెన్ను తీసి సగం రాశానో లేదో, లైబ్రేరియనమ్మ వెనక నిలబడి ఉంది. పుస్తకాల మీద గీతలు గీసే పిల్లలను నేను అంతకు ముందు వారమే ఆమె ఎదుట గంటసేపు తిట్టి ఉన్నాను.

"ఏం రాస్తాండారు సార్?"

"ఒక మాట తప్పిపోయిందమ్మా."

"అచ్చేసినోళ్ళు వదిలేసినారా?"

"లేదమ్మా, నేనే తీసేశాను."

ఆమె నా ముఖంలోకి చూసి, ఏమనుకుందో ఏమో, తలుపు వైపు తిరిగి నిలబడింది. "బిన్నే రాసేయండి సార్, ఆలస్యమైతే పిల్లోళ్ళు సూస్తారు, వాళ్ళూ మొదలుపెడతారు."

రెండో వాక్యం పూర్తి చేశాను. ఇన్నేళ్ళలో నా పేరుతో అచ్చయిన వ్యాసాలు చాలానే ఉన్నాయి, వాటిలో ఒక్క వాక్యం చూడకుండా చెప్పమంటే నాకే రాదు. ఈ రెండు మాత్రం ఎప్పుడు అడిగినా తప్పు లేకుండా చెప్తాను. ఇక మిగిలినవి నాలుగు ప్రతులు, ఎక్కడెక్కడున్నాయో వెతకాలి.